పరగడుపున ఒక మాత్ర

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు మేము ప్రసంగించుటకు ఎన్నుకొన్న విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. మన పద్మనగరములో గాని, భివండీలోని తక్కిన తెలుగు వాడలలో గాని, ఇంటి అలమారలో దేవుని పటము ప్రక్కనో, అద్దము వెనుకనో ఒక చిన్న మందు సీసా కనబడుట నేడు వింత కాదు. "థైరాయిడ్ గోలీ" అని అందరును పిలుచునది అందులో ఉండును. దానిని సంవత్సరముల తరబడి మ్రింగుచున్న తల్లులు, అక్కచెల్లెండ్రు మనలో పలువురు. కాని దానిని ఎట్లు మ్రింగవలెనో, ఎందులకు మానరాదో వారికి నచ్చునట్లు తెలుగులో విడమరచి చెప్పినవారు అరుదు. ఆ కొరత తీర్చుటకే ఈ ప్రసంగము.

ఈ జబ్బు కొద్దిమందిది మాత్రమే అని ఎవరును అనుకొనరాదు. 2013వ సంవత్సరమున ప్రకటితమైన ఒక పరిశోధనలో ముంబయి, హైదరాబాదు మొదలుగా గల ఎనిమిది నగరములందు ఐదువేలకు పైగా పెద్దలను పరీక్షింపగా, నూటికి సుమారు 11 మందికి ఈ గ్రంథి మందగించినట్లు తేలినది. అందును స్త్రీల వంతు పురుషుల వంతుకు సుమారు మూడు రెట్లు. కనుక ఇది మన ఇండ్ల విషయము. ముఖ్యముగా మన ఆడపడుచుల విషయము.

మొదట ఆ గ్రంథి పని ఏమిటో తెలిసికొందము. మెడ ముందుభాగమున, గొంతుముడికి కొంచెము దిగువను, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారముతో ఒక గ్రంథి ఉన్నది. మన పాఠ్యపుస్తకములు దానిని అవటుగ్రంథి అన్నవి. లోకవ్యవహారమున థైరాయిడ్ అను పేరే నిలిచినది. మనము తిను ఆహారమునుండి అయోడిన్ అను పదార్థమును గ్రహించి, అది థైరాక్సిన్ అను రసమును తయారుచేసి నెత్తురులోనికి వదలును. గుండె ఎంత వడిగా కొట్టుకొనవలెను, ఒడలు ఎంత వెచ్చగా ఉండవలెను, తిన్న అన్నము ఎంత త్వరగా శక్తిగా మారవలెను, గర్భములోని శిశువు మెదడు ఎట్లు పెరుగవలెను అను వ్యవహారములన్నింటియందు ఆ రసమునకు పాత్ర కలదు.

సాంచెల నడుమ పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి సులభముగానే బోధపడును. పడుగు బిగువు తగ్గినచో నేత వదులగును. మితిమీరినచో పోగులు తెగును. సరియైన బిగువు ఒక్కటే మంచి గుడ్డనిచ్చును. థైరాక్సిన్ శరీరమునకు అట్టి బిగువు. తగ్గినప్పుడు అలసట, మగత, మలబద్ధకము, చలికి తాళలేకపోవుట, ఒడలు బరువెక్కుట, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, గొంతు బొంగురుపోవుట, నెలసరి క్రమము తప్పుట కనబడును. హెచ్చినప్పుడు గుండెదడ, చేతులు వణకుట, నిద్రపట్టకుండుట, చెమటలు, ఒడలు చిక్కుట వచ్చును.

ఈ బిగువును కనిపెట్టి ఉండు మేస్త్రీ మెదడు అడుగున కలదు. దానిని పీయూషగ్రంథి అందురు. నెత్తురులో థైరాక్సిన్ తగ్గగానే అది "ఇంకను పని చేయుము" అని టి.ఎస్.హెచ్. అను రసము ద్వారా మెడలోని గ్రంథిని తొందరించును. కనుక రక్తపరీక్ష కాగితములో టి.ఎస్.హెచ్. అంకె హెచ్చినదనగా సాధారణముగా థైరాక్సిన్ తక్కువైనదని అర్థము. ఆ అంకె మరీ తగ్గినదనగా థైరాక్సిన్ ఎక్కువైనదని అర్థము. ఈ తలక్రిందుల లెక్క తెలియక, అంకె పెరిగినది గదా అని మాత్ర తగ్గించుకొనుట పెద్ద పొరపాటు. కాగితమును చదువవలసినవారు వైద్యులు.

ఈ మందు ఎట్లు లభించినదో రెండు మాటలు చెప్పెదము. ఒకప్పుడు ఈ గ్రంథి చెడినవారు ఒడలు ఉబ్బి, మాట మందగించి, క్రమముగా కృశించి మరణించెడివారు. 1891లో ఇంగ్లండున జార్జి ముర్రే అను వైద్యుడు గొఱ్ఱె గ్రంథినుండి తీసిన రసమును అట్టి యొక స్త్రీకి సూదిమందుగా ఇచ్చెను. నలుబదియారేండ్ల వయస్సున మృత్యువాకిట ఉన్న ఆమె కోలుకొని, అటుపిమ్మట ఇరువది యెనిమిదేండ్లు జీవించినది. ఆ కాలమంతయు ఆమెకు మందు సమకూర్చుటకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు అవసరమైనవట! 1914 డిసెంబరు 25వ తేదీన అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ గ్రంథినుండి థైరాక్సినును శుద్ధమైన స్ఫటికములుగా వేరుచేసెను. 1926లో చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణమును కనుగొని, మరుసటి యేడు బార్జర్ అను సహచరునితో కలిసి దానిని ప్రయోగశాలలో తయారుచేసెను. నేడు మనము మ్రింగునది గొఱ్ఱె గ్రంథి కాదు. మన శరీరము తయారుచేయు పదార్థమునకు సరిసమానముగా కర్మాగారములో చేసిన లీవోథైరాక్సిన్. కనుక ఇది శరీరమునకు పరాయి వస్తువు కాదు. లోపించిన దానిని పూరించుట మాత్రమే. "జీవితాంతము మందు తిన్నచో అలవాటగును" అను భయమునకు ఇచ్చట తావులేదు. దప్పికగొన్నవానికి నీరు అలవాటగునా?

ఈ గ్రంథి చరిత్రలో మన తెలుగు బిడ్డ పేరొకటి స్మరింపదగినది. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన వులిమిరి రామలింగస్వామి గారు అయోడిన్ లోపము వలన వచ్చు గలగండమును గూర్చి విశేష పరిశోధన గావించిరి. 1956లో, అప్పటి పంజాబు రాష్ట్రమునకు చెంది నేడు హిమాచల ప్రదేశములో ఉన్న కాంగ్రా లోయను మూడు భాగములు చేసి, రెండు భాగములవారికి అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవ భాగమువారికి మామూలు ఉప్పును అందించిరి. కొన్నియేండ్లకు అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగములలో గొంతువాపు బాగుగా తగ్గినది. 1962లో భారత ప్రభుత్వము జాతీయ గలగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించుటకు ఆ పరిశోధన బలమైన ఆధారమైనది. 2006 నుండి అయోడిన్ లేని ఉప్పును మనుష్యులు నేరుగా తినుటకు అమ్మరాదను నిషేధము దేశమంతట అమలులోనికి వచ్చినది.

ఇచ్చట ఒక సందేహము పుట్టును. "అయోడిన్ ఉప్పు తినుచునే యున్నాము గదా, ఈ జబ్బు ఎట్లు వచ్చెను?" అని. అయోడిన్ లోపము ఒక కారణము మాత్రమే. 1912లో జపాను వైద్యుడు హకారు హాషిమోటో వేరొక వ్యాధిని వర్ణించెను. అందులో శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి తన గ్రంథినే క్రమముగా నాశనము చేయును. చాలినంత అయోడిన్ దొరకు చోట్ల గ్రంథి మందగించుటకు ముఖ్యకారణము ఇదియే. శస్త్రచికిత్సలో గ్రంథిని తీసివేసినవారికిని, కొన్ని ఇతర చికిత్సలు జరిగినవారికిని ఈ లోపము కలుగును. అట్టివారికి ఉప్పు మాన్పింపదు. అయోడిన్ చుక్కలును, సముద్రపు నాచు పొడులును మేలు చేయకపోగా కీడు చేయవచ్చును. వారికి మందు మాత్రయే. మామూలు వంటకు అయోడిన్ ఉప్పు వాడుట మాత్రము ఇంటిల్లిపాదికి మంచిది.

ఇక ముఖ్య విషయమునకు వచ్చెదము. ఈ మాత్రను ఎట్లు మ్రింగవలెను?

మన ఊరిలో వైద్యుడు మరాఠీలో "ఉపాశీ పోటీ" అనును. హిందీలో "ఖాలీ పేట్" అనును. మన పెద్దవారు "ఉపాశీ" అను మాట విని ఉపవాస దినమని అనుకొనుటకు అవకాశమున్నది. ఆ రెండు మాటలకును మన తెలుగులో తీయని మాట ఒకటి కలదు: పరగడుపు. తెల్లవారి లేచి, ఏమియు తినకమునుపు, ఏమియు త్రాగకమునుపు, ఒక గ్లాసు మంచినీళ్ళతో ఈ మాత్రను మ్రింగవలెను. పిమ్మట అర్ధగంట నుండి గంట వరకు మరేమియు ముట్టరాదు. గంట ఆగగలిగినచో మరియు మేలు.

ఇంత కఠినమెందుకనగా, ఈ మందు మోతాదు అతి సూక్ష్మము. ఒక గ్రాములో పదిలక్షవ భాగమును మైక్రోగ్రామందురు. మన మాత్రలు 25, 50, 75, 100 మైక్రోగ్రాములు ఉండును. అంత కొంచెపు మందు ప్రేవులలో పీల్చుకొనబడవలెనన్న కడుపు ఖాళీగా ఉండవలెను. ఆహారము గాని, చాయ గాని, కాఫీ గాని వెంటనే తగిలినచో కొంతభాగము నెత్తురులోనికి చేరక వృథాగా పోవును. నిద్రలేవగానే పాలు పోసిన చాయ త్రాగుట మన భివండీ ఇండ్ల ఆచారము. ఆ చాయతోనే మాత్ర మ్రింగుట మరొక ఆచారమైనది. ఈ రెండవ ఆచారమును మానుడు. మొదటిదానిని గంట వెనుకకు జరుపుడు.

ఇనుము మాత్రలు, కాల్షియము మాత్రలు, పుల్లత్రేన్పులకు వాడు కొన్ని మందులు ఈ మాత్రను ప్రేవులలోనే పట్టియుంచును. వానికిని దీనికిని కనీసము నాలుగు గంటల ఎడము ఉండవలెను. సోయా పదార్థములు ఎక్కువగా తినువారు ఆ మాట వైద్యునికి చెప్పవలెను. ఇంటిలోని బహువిటమిను మాత్రలలో ఇనుము, కాల్షియము కలిసి యుండుట సామాన్యము. వానిని కూడ మధ్యాహ్నమునకో రాత్రికో మార్చవలెను.

సాంచెలపై రాత్రి పాళీ చేయువారు అడుగుదురు: "మాకు తెల్లవారుటయే నిద్రకు వేళ, మేమెప్పుడు మ్రింగవలెను?" అని. సూర్యోదయము ముఖ్యము కాదు. ఖాళీ కడుపు ముఖ్యము. ప్రతిదినము ఒకే విధము ముఖ్యము. నిద్రలేచిన వెంటనే మ్రింగి గంట ఆగి తినవచ్చును. ఉదయము వీలుపడనివారు పడుకొనబోవు ముందు, చివరి భోజనమై మూడు గంటలైనను గడచిన పిమ్మట మ్రింగవచ్చునని వైద్యులు అంగీకరించుచున్నారు. వారమునకొకసారి పాళీ మారువారు తమకు కుదురు పద్ధతిని వైద్యునితో నిర్ణయించుకొని దానినే పాటించవలెను. ఏదో ఒక పద్ధతి స్థిరముగా ఉన్నచో వైద్యుడు మోతాదును దానికి సరిపెట్టగలడు. దినమునకొక రీతిగా మ్రింగినచో ఏ వైద్యుడును సరిపెట్టలేడు.

ఉపవాసములను గూర్చి కూడ చెప్పవలెను. శ్రావణ శనివారములు, శివరాత్రి, ఏకాదశులు పాటించు తల్లులు ఆ దినములలో మాత్ర మానుచున్నారు. మందు ఆహారము కాదు. గ్రుక్కెడు నీటితో మందు పుచ్చుకొన్నంత మాత్రమున వ్రతభంగమగునని మేము తలపము. నీరు కూడ ముట్టని వ్రతమైనచో ఆనాటి మాత్రను ఏ వేళకు జరుపవలెనో వైద్యుని ముందుగా అడిగి యుంచుకొనుట మంచిది. ఆనాడు అన్నము మానినను మందు మానరాదు.

ఒకనాడు మరచినచో? ఆనాడే జ్ఞాపకము వచ్చినచో, కడుపు ఖాళీగా ఉన్న వేళ చూచి మ్రింగవచ్చును. మరునాటికి గాని జ్ఞాపకము రానిచో, ఆనాటి మాత్రను మాత్రము మామూలుగా మ్రింగవలెను. వైద్యుడు చెప్పనిదే రెండు మాత్రలు కలిపి మ్రింగరాదు. ఈ మందు శరీరములో నెమ్మదిగా తరుగును. సగము తరుగుటకు సుమారు వారము పట్టును. కావున ఒకనాటి మరపు అపాయము కాదు. కాని ఈ గుణమే మనలను మోసపుచ్చుచున్నది. మానిన మరునాడు ఏమియు కాదు. వారమునకును పెద్దగా తెలియదు. "చూచితిరా, మాత్ర లేకున్నను బాగుగనే ఉన్నాను" అని మానినవారు సంతసింతురు. నెల, రెండు నెలలు గడచునప్పటికి అలసట తిరిగి వచ్చును. అది మాత్ర మానుటవలన అని వారికి తోచదు. ఒంటిలో బాగుండుట మాత్ర ఫలము. బాగున్నదని మాత్ర మానుట నూనె వేసిన సాంచె చక్కగా నడచుచున్నది గదా, ఇక నూనె ఏల అనుట వంటిది.

మోతాదు మార్చినను ఇదే నియమము. మార్చిన ఆరు నుండి ఎనిమిది వారముల పిమ్మట గాని రక్తపరీక్ష నిజము చెప్పదు. అంతకు ముందే పరీక్ష చేయించి తొందరపడి మరల మార్చుట వ్యర్థము. మోతాదు కుదిరిన పిదప ఆరు నెలలకో యేడాదికో ఒకసారి, వైద్యుడు చెప్పిన ప్రకారము పరీక్ష చేయించవలెను. పరీక్ష ఉదయమున మాత్రను నెత్తురు తీసిన తరువాత మ్రింగవలెనా అని ముందే అడుగుడు. జుట్టుకు, గోళ్ళకు అని అమ్ము బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షల లెక్కను తారుమారు చేయును. వానిని వాడువారు పరీక్షకు రెండు మూడు దినముల ముందు ఆపి, ఆ మాట పరీక్షాలయమునకు చెప్పవలెను.

ఒకే ఇంట అత్తగారికి, కోడలికి, ఆడబిడ్డకు ముగ్గురికిని ఈ జబ్బు ఉండుట కలదు. "నా సీసా అయిపోయినది, నీ దాని నుండి ఇమ్ము" అనుట ప్రమాదము. ఒకరిది 25, మరియొకరిది 100 అయినచో నాలుగు రెట్ల తేడా. సీసాపై అంకెను, దాని ప్రక్కనున్న అక్షరములను చదువవలెను. చదువురాని పెద్దలకు పిల్లలు చదివి చెప్పవలెను. కొన్ని పొట్లములపై అదే మందును మిల్లీగ్రాములలో వ్రాయుదురు: 0.1 మిల్లీగ్రామనగా 100 మైక్రోగ్రాములు, 0.025 అనగా 25. చుక్క ఎక్కడ ఉన్నదో చూడక కొనరాదు. సీసాపై తెలుగులో పేరు, అంకె వ్రాసిన కాగితము అంటించుట ఉత్తమము. వేరు కంపెనీ మందు ఇచ్చినచో దుకాణదారుని అడుగుడు. ఒకసారి మారినచో ఆరు నుండి ఎనిమిది వారములకు పరీక్ష చేయించుకొని ఆ కంపెనీ మందునే కొనసాగించుడు. ఈ మందు భారత ప్రభుత్వపు అత్యవసర ఔషధముల జాబితాలో ఉన్నది; ఖరీదు సామాన్యమే. డబ్బు లేదని మానవలసిన మందు కాదు.

వేడి, వెలుతురు, తేమ మూడును ఈ మాత్రకు శత్రువులు. వానకాలమున భివండీ గోడలు చెమర్చుట మనకు తెలియనిది కాదు. కనుక పొయ్యి దగ్గరి అలమారలోను, స్నానపు గదిలోను, కిటికీ ఎండలోను సీసా ఉంచరాదు. మూత గట్టిగా బిగించి, వచ్చిన సీసాలోనే, చల్లని పొడి చోట ఉంచవలెను. పిల్లల చేతికి అందరాదు. పెండ్లికో, బోనాలకో సిరిసిల్లకు, కరీంనగరుకు, నల్లగొండకు పోవునపుడు ప్రయాణపు దినముల లెక్కకు మించి నాలుగైదు మాత్రలు అధికముగా పెట్టుకొని, మందు చీటీ నకలు కూడ వెంట తీసికొని పోవలెను.

తక్కువ ఎట్లు కీడో, ఎక్కువ కూడ అట్లే కీడు. బరువు తగ్గవలెనని గ్రంథి బాగున్నవారు ఈ మాత్ర మ్రింగుట, ఉన్నవారు తమంత తాము మోతాదు పెంచుకొనుట అపాయకరము. మితిమీరిన థైరాక్సిన్ వలన గుండె క్రమము తప్పి కొట్టుకొనును. పెద్దవారిలో ఎముకలు పలుచబడును. అరువది దాటినవారికి, గుండెజబ్బు ఉన్నవారికి వైద్యులు తక్కువ మోతాదుతో ప్రారంభించి నెమ్మదిగా పెంచుటకు కారణము ఇదియే. మాత్ర మ్రింగువారికి రొమ్ములో నొప్పి, తీవ్రమైన దడ, ఊపిరాడకుండుట కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఇట్లే, మాత్రలు చాలకాలము మానిన పెద్దవారు చలికి గడ్డకట్టినట్లై, మాట తడబడి, లేపినను లేవని మగతలో పడినచో అది నిద్ర కాదు, ప్రాణాపాయము.

ఇతర మందుల సంగతి. క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చు ఫెనిటాయిన్, కార్బమజిపైన్ థైరాక్సినును త్వరగా ఖర్చు చేయును. మోతాదు పెంచవలసి రావచ్చును. దూదిధూళిలో పని చేయు మన వాడలలో దగ్గు వచ్చి క్షయమందు ప్రారంభించిన వారు థైరాయిడ్ మాత్ర సంగతి తప్పక చెప్పవలెను. నెత్తురు గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారిలో దాని బలము పెరుగవచ్చును. మధుమేహపు మందు కూడ సరిచేయవలసి యుండవచ్చును. ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రికి పోయినను, ఠాణే, ముంబయి వైద్యుల వద్దకు పోయినను, ఇంటిలో మ్రింగు మందులన్నియు ఒక సంచిలో వేసికొని చూపవలెను. భాష రాకున్నను సంచి మాట్లాడును.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. ఇది మన ఆడపిల్లలను గూర్చి.

సంబంధము కుదిరినంతనే థైరాయిడ్ సీసాను దాచు తల్లిదండ్రులు మనలో ఉన్నారు. "ముందే తెలిసినచో సంబంధము తప్పిపోవును" అని వారి భయము. పిల్ల అత్తవారింట ఆ సీసాను పెట్టె అడుగున దాచుకొనును. తెల్లవారగానే అందరి నడుమ మాత్ర మ్రింగుటకు జంకి, దినము విడిచి దినము మ్రింగును, చివరకు మానును. ఇంతలో గర్భవతి యగును. దీని ఫలమెవరు అనుభవింతురు?

గర్భము దాల్చిన తొలి మాసములలో శిశువుకు తన గ్రంథి పని చేయదు. తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడును. శిశువు మెదడు రూపుదిద్దుకొను కాలమది. తల్లికి తీవ్రమైన లోపము ఉన్నచో గర్భస్రావము, నెలలు నిండని కాన్పు, శిశువు బుద్ధివికాసమునకు లోటు కలుగు ప్రమాదము హెచ్చును. గర్భవతి యగుటతోనే అవసరమైన మోతాదు సుమారు ఐదవ వంతు మొదలు మూడవ వంతు వరకు పెరుగుట సామాన్యము. కనుక నెల తప్పినదని తెలిసిన వెంటనే వైద్యుని కలియవలెను. "గర్భిణి మందులు మ్రింగరాదు" అని మాత్ర మానిపించుట తప్పు. అర్ధగర్భము వరకు నాలుగేసి వారములకు పరీక్ష అవసరము. కాన్పు తరువాత మోతాదు మరల తగ్గును. పాలిచ్చు తల్లి ఈ మాత్ర మ్రింగినచో బిడ్డకు హాని లేదు. గర్భిణులకు ప్రభుత్వము ఇచ్చు ఇనుము, కాల్షియము మాత్రలు తప్పక మ్రింగవలసినవే; అయితే ఉదయమున థైరాయిడ్ మాత్ర, దానికి నాలుగు గంటలు దాటిన పిదప తక్కినవి. ఇనుమును, కాల్షియమును కూడ ఒకదానితో ఒకటి కలుపరాదు.

పుట్టిన బిడ్డకు కూడ అరుదుగా ఈ గ్రంథి లోపముండును; మన దేశమున సుమారు వేయిమందిలో ఒకరికి ఇట్లుండునని పరిశోధనలు చెప్పుచున్నవి. పుట్టినప్పుడు బిడ్డ చూచుటకు బాగుగనే ఉండును. మడమనుండి తీసిన నాలుగు చుక్కల నెత్తురుతో రెండవ మూడవ దినముననే కనిపెట్టవచ్చును. మొదటి రెండు వారములలో మందు ప్రారంభించినచో ఆ బిడ్డ తక్కిన పిల్లలవలె చదువుకొని పెరుగును. ఆలస్యమైనచో పోయిన బుద్ధి తిరిగి రాదు. కాన్పైన ఆసుపత్రిలో "ఈ పరీక్ష చేసితిరా?" అని అడుగుట తండ్రి విధి, తాత విధి. మాత్రను నూరి కొద్ది నీటితోనో తల్లిపాలతోనో చెంచాతో ఇత్తురు. పాలసీసాలో కలిపి ఉంచరాదు.

చూచితిరా! ఒక సీసా దాచుటవలన రెండు ప్రాణములకు ముప్పు. పరీక్షించి సరియైన మోతాదు మ్రింగు స్త్రీ సంసారము చేయగలదు, పిల్లలను కనగలదు, సాంచె నడుపగలదు, చదువు చెప్పగలదు. దాచవలసిన దోషము ఇందులో ఏమియు లేదు. చూపు మందగించినవారు కండ్లద్దములు దాచుచున్నారా? సంబంధము మాటలాడునపుడే చెప్పుడు. విన్న అత్తవారు "అంతేనా!" అనుడు. ఆ ఒక్క మాటతో ఎందరి పిల్లల భయమో తీరును.

కొన్ని అపోహలు తొలగించి ముగించెదము. కాబేజీ, కాలీఫ్లవరు తినరాదని చాలమంది కూరగాయలు మానుచున్నారు. వండి మితముగా తినుటకు అడ్డులేదు. పొడులతో, కషాయములతో గ్రంథి మరల పుట్టునని చెప్పువారి మాట నమ్మి మాత్ర మానరాదు. అట్లని టి.ఎస్.హెచ్. అంకె కొంచెము హెచ్చిన ప్రతివారికి మాత్ర అవసరము లేదు. పలుమార్లు మరల పరీక్షింపగా అది సరియగును. కాన్పు తరువాత వచ్చు లోపము కొందరిలో తాత్కాలికము. ప్రారంభించుట, మార్చుట, ఆపుట మూడును వైద్యుని పనులు. మరువక మ్రింగుట మాత్రము మన పని.

ఆ పని ఆమె ఒక్కతెది కాదు. ఇంటిలో అందరికంటె ముందు లేచి చాయ కాచి, టిఫిన్ డబ్బాలు కట్టి, పిల్లలను బడికి పంపు ఇల్లాలికి "గంటసేపు కడుపు ఖాళీగా ఉండుము" అనుట సులభము. ఆ గంట ఆమెకు దొరకునట్లు చేయుట కష్టము. భర్తలారా, మీరు నీళ్ళ గ్లాసు అందించుడు. అత్తలారా, "మాత్ర మ్రింగితివా అమ్మా?" అని అడుగుడు, కోడండ్రారా, మీ అత్తగారి సీసాపై అంకెను చదివి చెప్పుడు. తరతరముల క్రిందట మన పెద్దలు చేతనున్న విద్యతో తెలుగుగడ్డ నుండి ఈ ఊరికి వచ్చి, పోగు తెగిన చోటనెల్ల ముడివేసి కుటుంబములను నిలబెట్టిరి. ఆ ఓపిక మన రక్తములో ఉన్నది. దినమునకొక మాత్ర, పరగడుపున, నీళ్ళతో, దాచక, మానక: ఇంతకంటె మేము కోరునది లేదు.